జాతకాల కంప్యూటర్

ఆ పొద్దు మబ్బు పట్టింది గానీ వాన రాలేదు. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా బస్సు కిటికీలో ఆకాశం తడిసిన గోనెసంచిలా వేలాడుతూనే వచ్చింది. నీలిమ పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లో పట్టుకొని కూర్చుంది.

కుప్పంలో ఒక చిన్న కంపెనీ ఆమెకు ఆన్‌లైన్‌లో పరీక్ష పెట్టింది. పది నుంచి ఒంటిగంట లోపల, వాళ్లు పంపిన ఫైళ్లకు తగిన ఫ్రేమ్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒక వెబ్ పేజీ నడిపించి చూపాలి. డిగ్రీ అయిపోయి మూడేళ్లయింది. పిలిచిన చోటు ఇదొక్కటే. ఇదీ పోతే సోమవారం నుంచి అమ్మ వెంట మార్కెట్ యార్డుకు పోయి టమోటాలు ఏరడమే. అక్కడి కూలీల మేస్త్రీకి అమ్మ మాట కూడా ఇచ్చేసింది.

సొంత ల్యాప్‌టాప్ మొన్ననే చచ్చింది. ఇక మిగిలింది పుంగనూరులో మేనమామ గోవిందప్ప కంప్యూటర్. ఆయన దాని మీద జాతకాలు వేసి అచ్చు తీసి ఇస్తాడు.

"రా పాపా. దీనికి నెట్ లేదు, నీ ఫోన్‌తోనే ఇచ్చుకోవాల," అన్నాడు గోవిందప్ప కుర్చీ తుడుస్తూ. "నా ప్రోగ్రాం జోలికి మాత్రం పోవద్దు."

"నీ గ్రహాల్ని నేనేం చేస్తాను మామా?"

"అవి నా మాటే వినవు, నీ మాట వింటాయా!"

పదికి మొదలుపెట్టింది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చినవి ఎక్కాయి. ఫ్రేమ్‌వర్క్ మాత్రం నెట్ నుంచే దిగాలి. అది ఒంటరిగా రాదు. తన వాళ్లందరూ కదిలితేనే బండెక్కుతానని భీష్మించిన వియ్యంకుడిలా, ఒక్కో ప్యాకేజీ ఇంకో పదింటిని అడుగుతుంది. నల్లటి తెర మీద కమాండ్ కొట్టింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మళ్లీ కొట్టింది. మళ్లీ అవే. అవతలి సర్వర్ సర్టిఫికెట్ చెల్లదంటోంది.

ఫోన్‌లో వెతికింది. ఒకరు పాత వెర్షన్ వేయమన్నారు. ఒకరు అంతా పీకేసి మళ్లీ వేయమన్నారు. రెండూ చేసింది. గడియారం తప్పుగా ఉన్నా ఇట్లా అవుతుందని ఒకచోట కనపడింది. తెర మూలకు చూసింది. పదకొండూ ముప్పై నాలుగు. గోడ గడియారంలోనూ అంతే. లగ్నం తప్పుతుందని మామ నిమిషం తేడా కూడా రానివ్వడు. అది కాదులే అని దాటేసింది.

పన్నెండున్నరకు గోవిందప్ప అచ్చు కాగితాల కోసం వచ్చి ఆమె మొహం చూశాడు.

"ఏమైంది పాపా?"

"గడియారం కూడా సరిగ్గానే ఉండాది మామా. ఐనా దిగనంటాది."

గోవిందప్ప వక్క నమలడం ఆపాడు.

"టైము సరే. సంవత్సరం సరి కాదు."

"అంటే?"

"నా ప్రోగ్రాంకు గడువు తీరి శానా దినాలాయ. అందుకే జనవరి వస్తానే ఏడాది ఎనక్కి తిప్పేస్తా. ఈ బజార్లో అందరూ సేసేది అదే. దీనికింకా రెండువేల ఇరవై రెండే."

నీలిమ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. రెండువేల ఇరవై రెండులోనే ఉన్న కంప్యూటర్‌కు ఇప్పటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనిదే. సంవత్సరం సరిచేస్తే ఆ ప్రోగ్రాం మూసుకుపోతుంది. దాన్ని తయారుచేసినాయన ఇప్పుడు లేడు, గడువు పెంచేవాళ్లు లేరు. మామ ఇల్లు గడిచేది దాని మీదే.

"జరుగు," అన్నాడు గోవిందప్ప. వంగి, తన చేత్తోనే సంవత్సరం మార్చాడు.

ఈసారి ప్యాకేజీలు దిగసాగాయి. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత. రావలసినవి ఎనిమిది వందల పైన. ఒంటిగంటకు సగమే అయ్యింది. ఒంటిగంటా ఇరవైకి ముగిసింది. పేజీ తెల్లగా, చక్కగా తెరుచుకుంది. కానీ కంపెనీ వాళ్లు అప్పటికే లింకు మూసేశారు. ఫోన్ చేస్తే, "గడువంటే గడువే కదమ్మా," అన్నారు.

గోవిందప్ప తన ప్రోగ్రాం మీద నొక్కాడు. గడువు తీరిందని చూపింది. సంవత్సరాన్ని వెనక్కి తిప్పి నొక్కాడు. అయినా తెరుచుకోలేదు; ఒకసారి అసలు సంవత్సరం చూశాక అది మళ్లీ మోసపోలేదు.

"నీదీ చెడిపాయ గదా మామా..."

"ఊరందరి జాతకాలూ సూస్తినే, నాది సూసుకోకపోతి," అని నవ్వబోయి మానుకున్నాడు.

"సంగటి సల్లారిపోతాండాది, రాండి," అని లోపలి నుంచి ఆయన భార్య నాగరత్నమ్మ పిలిచింది.

ముగ్గురూ కూర్చున్నారు. రాగి సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి. నాగరత్నమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. నీలిమ కంచంలో ఇంకో అర ముద్ద వేసింది. నీలిమ వద్దనలేదు. ఊరుబిండి నంజుకొని ముగ్గురూ తిన్నారు.