మంచులో ఫెయ్‌లో

రంగూన్‌లో కాంటన్ చీనావాళ్ళ వడ్రంగి కార్ఖానాలో మనిషిని పేరు అడిగే అలవాటు లేదు. ఒళ్ళు చూసి పిలిచేవారు. ముఖాన అమ్మవారి మచ్చలుంటే తౌపే. నేను పొడుగు గనక గౌలో. మా ఊరి దాలయ్య లావు గనక ఫెయ్‌లో. మొదట్లో నాకు మండేది. దాలయ్య నవ్వేవాడు.

"బొజ్జున్నోడ్ని బొజ్జోడంటే తప్పేటిరా ఎర్రయ్యా? లేనోడు ఏడవాల గాని."

యుద్ధంలో బాంబులు పడ్డాక అందరం కాలినడకన ఇండియాకు బయల్దేరాం. ఒక ఏటి దగ్గర జనంలో దాలయ్య తప్పిపోయాడు. చచ్చిపోయాడనే అనుకున్నాను. మంచివాళ్ళనే దేవుడు తీసుకుపోతాడని ఓదార్చినవాళ్ళను తిట్టాను కూడా.

పదిహేనేళ్ళ తరవాత ఒరిస్సా కొండల్లో ఈ మునిగుడకు కబురొచ్చింది. నేనిక్కడ ఒక షావుకారి చింతపండు బస్తాలకు కాపలా. దాలయ్య బతికే ఉన్నాడట, రాయపూర్ బండిలో ఎక్కడికో పనికి పోతున్నాడట. మునిగుడలో దిగి చూస్తాడట. నేను కనబడితే ఉండిపోతాడు, లేకపోతే అదే బండిలో పోతాడు.

ఆ పొద్దున పొగమంచు. ప్లాట్‌ఫారం ఎక్కడ ఆగిందో, కొండ ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఇంజను ఆవిరి మంచులో కలిసిపోయింది. అందులోంచి మనుషులు కలలో వచ్చినట్టు వచ్చి, నన్ను దాటి కరిగిపోయారు. లావుగా ఉన్న ప్రతివాడి ముఖంలోకీ తొంగి చూశాను. ఒక సేటు కసిరాడు. పుల్లలాంటి ముసలాడొకడు నా పక్కనుంచే పోయి, మళ్ళీ వచ్చాడు. మెడ ఎత్తి, నా తలకు పైన ఎవరినో వెతుకుతున్నాడు.

మాచ్‌ఖండ్ డ్యాం పనిలో బండ పడి నా నడుము వంగిపోయిన సంగతి ఆ వేళ నాకే గుర్తు రాలేదు.

గార్డు ఈల వేశాడు. ముసలాడు పెట్టె మెట్టెక్కాడు. ఈ లోకం నాకేమిచ్చింది గనక ఇదొకటి ఇస్తుందని వెనక్కి తిరిగాను. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఫెయ్‌లో!"

లావువాళ్ళెవరూ తిరిగి చూడలేదు. మెట్టు మీది పుల్ల తిరిగింది.

"గౌలో?"

దిగేశాడు. బండి కదిలింది. నా ముందు గొంతుకూర్చుని, వంగిన నా ముఖంలోకి కిందనుంచి చూశాడు.

"ఇంత కిందకెప్పుడు దిగిపోనావురా?"

"నీ బొజ్జేదిరా?"

"ఆ ఏటికాడే ఒగ్గీసేను. పేనం దక్కితే సాలనిపించింది."

"నీ మూటో?"

బండి వెనకదీపం మంచులో ఎర్రగా నానిపోతోంది.

"బండితో పోనాది. పోనీరా. నడు గౌలో, ఆకలేస్తంది."