గుమ్మం దాటని కవరు

ఆ వారం గురుప్రసాద్ చేసిన నేరం ఒక్కటే. రోజూ పొద్దున్నే చేతిలో స్టీలు క్యారేజీతో పెద్దాసుపత్రి రోడ్డున నడిచాడు.

నర్సీపట్నంలో క్యారేజీ పట్టుకుని ఆ రోడ్డెక్కిన మనిషిని ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లోవాళ్ళెవరో లోపల మంచమ్మీద ఉన్నారు, వాళ్ళకి ఇడ్లీ వెళ్తోంది, అంతే. ఊరందరికీ తెలిసిన ఈ సంగతి గురుప్రసాద్‌కి మాత్రం తట్టలేదు. అతని ధ్యాసంతా డ్రమ్ము మీద ఉంది.

డ్రమ్మంటే పెద్ద పెయింటు డబ్బా. చుట్టూ కన్నాలు పొడిచి, వెనక వరండాలో పెట్టి, కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, కాస్త పుల్లమజ్జిగ వేసి ఎరువు చేస్తున్నాడు. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మనిషికి ఇన్నేళ్ళ సర్వీసులో కళ్ళముందు తయారైన సరుకు అదొక్కటే. రోజూ మూత తీసి, అడవి వాసన వస్తోందని మురిసిపోయేవాడు. భార్య శ్రీదుర్గకి అందులో అడవి కనిపించలేదు, పురుగులు కనిపించాయి. ఆవిడ స్కూలు టీచరు. వాదన మొదలుపెడితే బెల్లు కొట్టేదాకా ఆపదు.

ఊరికి నీతులు చెప్పే మనిషి పెరుగుకో కవరు, పచ్చిమిరపకాయలకో కవరు తెచ్చుకుంటాడని ఆవిడ అభియోగం. అది నిజం కూడా. సోమవారం తెల్లారి బస్సుకి ట్రైనింగు కోసం పాయకరావుపేట వెళ్తూ, గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పింది.

"శనివారం నేనొచ్చీదాకా ఒక్క ప్లాస్టిక్ కవరు కూడా ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదండి. ఎవరు తెచ్చినా లెక్కే. వచ్చిందా, ఆ డ్రమ్ము చెత్తబండి ఎక్కిపోద్ది. రాలేదా, ఆ రోజునించి తొక్కలు నేనే ఏస్తాను."

ఆవిడ అటు వెళ్ళగానే గురుప్రసాద్ అటక మీంచి క్యారేజీ దించాడు.

ఆసుపత్రి రోడ్డు చివరున్న టిఫిను సెంటరు సింహాచలం ఆ క్యారేజీని చూశాడు, వచ్చిన దారి చూశాడు. ఎవరికని అడగలేదు. మెత్తటి ఇడ్లీలు ఏరి పెట్టాడు, ఒకటి ఎక్కువ వేశాడు. సాంబారు పోస్తూ గొంతు తగ్గించి, "కారం తగ్గించి పోసేను మాస్టారూ. ధైర్యంగుండండి" అన్నాడు.

గురుప్రసాద్ కళ్ళు చెమర్చాయి. ప్లాస్టిక్‌తో పోరాడేవాడికి సాటి మనిషి ఇచ్చే గౌరవం ఇలా ఉంటుందా అనుకున్నాడు.

బుధవారం ఇంట్లో పంచదార అయిపోయింది. కొట్లో చూస్తే పంచదారంతా ముందే కవర్లలో కట్టి ఉంది. బెల్లం కూడా అంతే. వట్టి చేతులతో ఇంటికొచ్చి చేదు కాఫీ తాగాడు. ఆ చేదు మొహంలోకి దిగింది. ఆ మొహంతోనే కాలేజీకి వెళ్ళాడు.

తోటి లెక్చరర్ మంగరాజు అతన్ని చూసి, చివరి పీరియడ్ తాను తీసుకుంటానన్నాడు. ఇలాంటప్పుడు కాకపోతే మనుషులు ఇంకెప్పుడు ఆదుకోవాలి అన్నాడు. గురుప్రసాద్ అతని చెయ్యి పట్టుకున్నాడు. భూమి గతి తలుచుకుని, "ఇప్పటికే ఆలస్యం చేసేశాం మంగరాజుగారూ. పరిస్థితి చెయ్యి దాటిపోతోంది" అన్నాడు.

ఆ మాట సాయంత్రానికల్లా ఊరి మధ్యనున్న అబీద్ సెంటరు దాటింది.

శుక్రవారం అసలు దాడి మొదలైంది. ఎదురింటి వరలక్ష్మమ్మ తలుపు తట్టింది. చేతిలో కవరు, కవరు నిండా బత్తాయిలు. ఆవిడ కుడికాలు గుమ్మం మీదికి లేచింది. గురుప్రసాద్ ఒక్క గెంతులో అడ్డం నిలబడ్డాడు.

ఆవిడ బెదిరి కాలు దించింది. "శ్రీదుర్గకెలాగుంది నాయనా?"

"బానే ఉందండీ. రేపు సాయంత్రం వచ్చేస్తుంది" అన్నాడు, కళ్ళు కవరు మీంచి తిప్పకుండా.

బత్తాయిలకి ఎన్నో దండాలు పెట్టాడు. కవరు మాత్రం లోపలికి రావడానికి వీల్లేదన్నాడు. క్యారేజీ గిన్నెలు విప్పి తెచ్చి, గుమ్మం బయటే పళ్ళు వాటిలోకి సర్ది, కవరు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ మొహం మాడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఎవరైనా ఏదైనా పెట్టి తెస్తే, తెచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు. కాస్త పంచదారో, బెల్లమ్ముక్కో వెయ్యాలి. ఇంట్లో రెండూ లేవు.

లోపలికి పరుగెత్తాడు. డ్రమ్ములోంచి గుప్పెడు ఎరువు తీశాడు. తెచ్చి భక్తిగా ఆవిడ కవరులో పోశాడు.

వరలక్ష్మమ్మ కవరులోకి చూసింది. అతని మొహంలోకి చూసింది. పాపం, దిగులుతో మతి చలించిందని తేల్చుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వీధిలోవాళ్ళు ఒకరి వెనక ఒకరు అరటిపళ్ళు, బొప్పాయి, రొట్టె పట్టుకొచ్చారు. అందరినీ గుమ్మంలోనే ఆపాడు. పళ్ళు బిందెలోకి, బకెట్లోకి, బియ్యం కొలిచే డబ్బాలోకి సర్దాడు. అందరి కవర్లూ ఎరువుతో తిప్పి పంపాడు. రొట్టెకి పైన ఉన్న తొడుగు కూడా గుమ్మం అవతలే విప్పించాడు. పర్యావరణం కోసం వీధి వీధంతా ఇలా కదిలొస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

శనివారం సాయంత్రం కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాడు. ఇంకాసేపు ఆగితే డ్రమ్ము దక్కినట్టే. వీధి మలుపులో శ్రీదుర్గ కనిపించింది. వెనక వరలక్ష్మమ్మ, ఆవిడ వెనక మరో ఇద్దరు. శ్రీదుర్గ భుజాన గుడ్డ సంచి. కుడిచేతిలో తెల్లగా ఏదో ఊగుతోంది.

కవరు.

దారిలో ఎదురుపడ్డ వరలక్ష్మమ్మ, ఒంటరిగా నడిచొస్తున్న రోగిని చూసి తెల్లబోయి, తనకోసం కొనుక్కున్న దానిమ్మలు కవరుతో అలాగే ఆ చేతిలో పెట్టేసింది. బస్సులో నలిగి వచ్చిన శ్రీదుర్గకి ఎందుకని అడిగే ఓపిక లేకపోయింది. కవరన్న స్పృహ కూడా లేకుండా నేరుగా మెట్లెక్కింది.

ఎవరు తెచ్చినా లెక్కే. గురుప్రసాద్ రెండు చేతులూ బార్లా చాపి ద్వారబంధం పట్టుకున్నాడు.

"ఆగు. లోపలికి రావద్దు."

వరలక్ష్మమ్మ ముందుకొచ్చింది. "ఏటి బాబూ ఇది? ఆసుపత్రి నుంచి వొచ్చిన మనిసిని గుమ్మంలో నిలబెట్టీసినావు? దిష్టి తియ్యాలంటే సెప్పు, నీళ్ళు నాను తెస్తాను. బేగి లోపలికి రానీ."

"ఆసుపత్రేటి?" అన్నారు మొగుడూ పెళ్ళాం ఒకేసారి.

అరుగు మీదే విచారణ జరిగింది. క్యారేజీ బయటపడింది, ఆసుపత్రి రోడ్డు బయటపడింది, చెయ్యి దాటిపోయిన పరిస్థితీ బయటపడింది. గురుప్రసాద్ కళ్ళముందు మెత్తటి ఇడ్లీలు, చప్పటి సాంబారు, మంగరాజు తీసుకున్న పీరియడ్ వరసగా తిరిగాయి. తనకి దక్కిన గౌరవమంతా లేని రోగిదని తెలిసి నీరుగారిపోయాడు. చేతులు మాత్రం ద్వారబంధం వదల్లేదు.

శ్రీదుర్గ అతని చంక కిందనుంచి లోపలికి తొంగి చూసింది. బకెట్లో బొప్పాయి, బిందెలో అరటిపళ్ళు, క్యారేజీ గిన్నెల్లో బత్తాయిలు. కవరు ముక్క లేదు.

"నన్ను కూడా ఆపీసినారా?" అంది.

"ఎవరు తెచ్చినా లెక్కే అన్నావు కదా" అన్నాడు గురుప్రసాద్ బిక్కమొహంతో.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత కొంగు చాపి, దానిమ్మలన్నీ అందులో పోసుకుని, కవరు మెట్టు మీద పెట్టింది. గురుప్రసాద్ చేతులు దించాడు. ఆవిడ గుమ్మం దాటింది.

పళ్ళు దించేసి వచ్చి కవరు తీసి వరలక్ష్మమ్మకి ఇవ్వబోయింది. చెయ్యి మధ్యలో ఆగింది. ఖాళీది ఎలా ఇస్తాం? వంటింట్లోకి వెళ్ళింది. పంచదార డబ్బా మూత చప్పుడైంది. బెల్లం డబ్బా మూత చప్పుడైంది. ఆ తర్వాత వెనక వరండాలో ఇంకో మూత లేచింది.

శ్రీదుర్గ గుప్పిట బిగించి వచ్చింది. తల తిప్పుకునే ఆ గుప్పెడూ కవరులో పోసింది.

వరలక్ష్మమ్మ బుగ్గన వేలేసుకుంది. "నీక్కూడా మొదలైందా తల్లీ?"

ఆ రాత్రి భోజనాలయ్యాక శ్రీదుర్గ మాట ప్రకారం తొక్కలు తానే వేసింది. బత్తాయి, దానిమ్మ, అరటి, వీధంతా మోసుకొచ్చిన ప్రేమ మొత్తం వేసింది. మూత పడలేదు. మోచేత్తో అదిమింది. అయినా పడలేదు.

"ఏవండీ, గోడలకి రంగేసినప్పుడు ఇలాంటి డబ్బాలు రెండు మిగిలేయి కదా. ఆ రెండోది ఎక్కడ పెట్టేరు?"