వైరు పీకి చూసిన రోజు

ఆఫీసులో ఆమెను అందరూ పంతులమ్మ అనేవాళ్ళు. ఏ విషయమైనా రెండుసార్లు చెప్పే అలవాటు వల్ల వచ్చిన పేరది. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో ఆమెది ఆన్‌బోర్డింగ్ పని. కొత్తగా కొన్నవాళ్ళ దగ్గరకు వెళ్ళి, వాళ్ళను కాగితాల నుంచి కంప్యూటర్‌లోకి చేయి పట్టుకుని నడిపించాలి. "అమ్మేవాళ్ళు పెళ్ళి చేసేసి చేతులు దులుపుకుంటారు, కాపురం నిలబెట్టాల్సింది మనమే" అని నవ్వేది.

ఆ ఉద్యోగం ఇప్పించింది అక్క భర్త. అదే కంపెనీలో అమ్మకాలు చూస్తాడు. జోరువానలో కూడా నల్ల కళ్ళద్దాలు అమ్మగలడని పేరు. చేరిన కొత్తలో ఆమె ఒక కంటి ఆస్పత్రికి వెళ్ళి, గుక్క తిప్పుకోకుండా పాఠం అప్పజెప్పి వచ్చింది. అక్కడివాళ్ళు గంగిరెద్దుల్లా తలూపారు. వారం తిరిగేసరికి మళ్ళీ కాగితాలే. ఆమె మొహం వేలాడేసుకుని కూర్చుంటే బావే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు చెప్పడం మానెయ్ మరదలా. వాళ్ళ పని వాళ్ళనే చేసి చూపించమను. ఊరికే చూస్తూ కూర్చో. వాళ్ళ చెయ్యి ఎక్కడ ఆగుతుందో అక్కడ నీ పని మొదలు."

ఆ మాట ఆమెను నిలబెట్టింది. పోను పోను క్లయింట్లే "పంతులమ్మను పంపండి" అని అడిగే దాకా వచ్చింది. ఇంతలో టీమ్ లీడ్ కుర్చీ ఖాళీ అయింది. ఒక డయాలసిస్ సెంటర్‌లో పని సజావుగా మొదలైతే ఆ కుర్చీ ఆమెదేనని మేనేజర్ చెప్పాడు. ఆ సెంటర్‌ను ఒప్పించి తెచ్చింది కూడా బావే.

సెంటర్‌లో పొడవాటి గది, గోడ వెంబడి వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన మనిషెత్తు యంత్రం. ఏసీ చలికి దుప్పట్లు కప్పుకుని, చేతికి గొట్టాలతో జనం కునికిపాట్లు పడుతుండేవాళ్ళు. అక్కడ అన్నిటికీ పెద్ద దిక్కు హెడ్ నర్సు. ఆమె గొంతు వింటే యంత్రాలు కూడా సర్దుకుంటాయని కింది నర్సులు చెప్పుకునేవాళ్ళు. పంతులమ్మ అలవాటు ప్రకారం ఆమె వెనకాలే తిరిగింది. రోగి రాగానే బరువు చూడటం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎంతో చూసి మరీ ఇవ్వడం, అన్నీ గమనించింది.

మొదలుపెట్టడానికి ఇంకా కొద్ది రోజులున్నాయనగా, శిక్షణ మధ్యలో హెడ్ నర్సు అడిగింది. "నెట్ పోయినా మీది నడుస్తుందటగా? అమ్మకానికి వచ్చిన మీ అబ్బాయి గట్టిగా చెప్పాడు. అందుకే మా డాక్టరుగారు ఒప్పుకున్నారు."

పంతులమ్మకు ఆ సంగతి తెలియదు. "చూసి చెబుతాను మేడం" అంది. నర్సులు భోజనానికి వెళ్ళాక ఒక కంప్యూటర్‌కు నెట్ వైరు పీకేసింది. రెండో దాంట్లో, ఉత్తుత్తి పేరుతో పెట్టిన రోగికి ఆ మందు సగానికి తగ్గించింది. తిరిగి వచ్చి మొదటి తెర చూసింది. పాత మోతాదే నింపాదిగా కనిపిస్తోంది. ఇది పాతదని చెప్పే ముక్క ఎక్కడా లేదు. రేపు ఎవరికైనా ముక్కులోంచి రక్తం కారిందని డాక్టరు మందు తగ్గించాక, నర్సు ఈ తెరను నమ్మి పూర్తి మందు ఇచ్చేస్తే?

కంపెనీకి ఫోన్ చేస్తే సాంకేతిక విభాగం వాళ్ళు తాపీగా, "అవును, తెలుసు. వచ్చే వెర్షన్‌లో సరిచేస్తాం" అన్నారు. మేనేజర్ ఆమె మాట పూర్తిగా వినకుండానే, "వాళ్ళు అడగందే మనం చెప్పాల్సిన పని లేదు. ముందు మొదలుపెట్టించు" అన్నాడు.

సాయంత్రం ఆఫీసు మెట్ల దగ్గర బావను పట్టుకుంది.

"వాళ్ళకు చెప్పేద్దాం బావా. నువ్వే చెబితే బాగుంటుంది."

"నెట్ ఎప్పుడో ఒకసారి పోతుందే. దానికింత గాభరా ఎందుకు?"

"ఆ ఒక్కసారే చాలు కదా."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నడుస్తుందని చెప్పమన్నది మేనేజరే. ఇప్పుడు కాదంటే నా పీక మీదకొస్తుంది. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి. కొత్త వెర్షన్ వచ్చేదాకా కళ్ళు మూసుకో."

ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు. చెబితే అక్క కాపురంలో నిప్పులు పోసినట్టే. చెప్పకపోతే ఆ దుప్పట్ల కింద పడుకున్నవాళ్ళలో ఎవరికి మూడుతుందో తెలియదు. పొద్దున్నే తిన్నగా సెంటర్‌కు వెళ్ళి, హెడ్ నర్సు ముందే వైరు పీకి చూపించింది.

హెడ్ నర్సు రెండు తెరలూ మార్చి మార్చి చూసింది. "ఇన్నాళ్ళూ నా నర్సు పిల్లల్ని కూర్చోబెట్టి దీన్ని నమ్మమనేనా నేర్పావు?"

"నాకూ నిన్ననే తెలిసింది మేడం."

"తెలిశాక నిద్రపట్టిందా?"

"లేదు."

"నాకైతే ఇంకెన్నాళ్ళు పట్టదో" అని ఆమె డాక్టరు గదిలోకి వెళ్ళింది.

మధ్యాహ్నానికి కంపెనీ అట్టుడికిపోయింది. నడుస్తుందని చెప్పిందెవరని డాక్టరు ఫోన్‌లో అడిగాడట. కేకలు మేనేజర్ గదిలోంచి వినిపించాయి. కంపెనీ పెద్దలు పెట్టిన సమావేశంలో మేనేజర్ తప్పంతా బావ మీదకు తోశాడు. పంతులమ్మ లేచి, "మేనేజర్‌గారు చెప్పమంటేనే బావ చెప్పాడు. నేను అడిగినప్పుడు నన్నూ ఊరుకోమన్నారు" అంది. మేనేజర్ మెల్లగా నవ్వి, "బంధువు కదా, వెనకేసుకొస్తోంది" అన్నాడు. ఆ మాట చెల్లింది. గొర్రె కసాయివాణ్ణే నమ్మినట్టు పెద్దలు మేనేజర్‌నే నమ్మారు. వారంలోపు బావ చేత రాజీనామా చేయించారు. డయాలసిస్ సెంటర్ మాత్రం, లోపం సరిచేస్తేనే మొదలుపెడతామనీ, అదీ పంతులమ్మ దగ్గరుంటేనేననీ తేల్చి చెప్పింది. దాంతో టీమ్ లీడ్ కుర్చీ ఆమెకు ఇవ్వక తప్పలేదు.

ఆదివారం అక్క ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన అక్క గుమ్మానికి అడ్డంగానే నిలబడింది.

"అన్నం పెట్టిన చేతినే నరికావు కదే. పైగా ఆ కుర్చీ కూడా ఎక్కావట."

"అది కాదక్కా…"

"ఇంకేం చెప్పకు. నీకు రెండుసార్లు చెప్పే అలవాటుంది. నాకు ఒక్కసారికే అర్థమైంది."

లోపలి నుంచి బావ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. "నువ్వు చేసింది తప్పని అనను. కానీ ముందు నాతో అని ఉంటే నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి కదా."

"అన్నాను బావా. మెట్ల దగ్గర."

అతను తల దించుకున్నాడు. "అన్నావులే" అన్నాడు చివరికి. అక్క భర్త వైపు ఒకసారి, చెల్లెలి వైపు ఒకసారి చూసి తలుపు వేసేసింది.

కొన్ని నెలలకు లోపం సరిచేశారు. సెంటర్‌లో పని మొదలైన రోజు పంతులమ్మ ప్రతి కంప్యూటర్‌కూ వైరు పీకి చూసింది. ఎర్ర పట్టీ వచ్చి, 'ఈ వివరాలు పాతవి' అని చూపించింది. హెడ్ నర్సు ఆమెకు టీ తెచ్చి ఇచ్చింది. అమ్మకాలవాళ్ళు క్లయింట్‌కు ఏ మాట ఇచ్చినా తన మనిషి ఒకరు పక్కన ఉండాలని ఆమె పట్టుబట్టింది. మేనేజర్ పళ్ళు నూరుతూనే ఒప్పుకున్నాడు. ఇద్దరూ రోజూ ఒకే గదిలో కూర్చుంటారు, పనికి మించి పలుకు లేదు.

బావకు ఎక్కడో చిన్న కంపెనీలో పని దొరికిందని అమ్మ ద్వారా తెలిసింది. ఆ వారం ఆమె అక్కకు ఫోన్ చేసింది. ఎప్పటిలా మోగి మోగి ఆగిపోతుందనుకుంది గానీ, అక్క ఎత్తింది.

"ఏంటి?"

"ఊరికే. ఎలా ఉన్నావో అని."

"చిన్నదానికి జ్వరం. రాత్రంతా నిద్ర లేదు."

"నేను రానా?"

అటు నుంచి పాప దగ్గు మాత్రం వినిపించింది.

"ఇప్పుడు కాదు" అంది అక్క. కానీ ఫోన్ పెట్టేయలేదు. పంతులమ్మ కూడా చెవి దగ్గర నుంచి తీయలేదు.