ఆఖరు వంతు

తెలంగాణ కోసం సకలజనుల సమ్మె నడిచినప్పుడు నా ఎకరంనర పొలం పొట్టకొచ్చి ఉన్నది. ఇంకొక్క తడి పారితే గింజ పోసుకుంటది, లేకుంటే అంత తాలే. కరెంటేమో దినాం రెండు గంటలు. మా స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు ఒక్క ట్రాన్స్‌ఫార్మరు కింద ఆరుగురం. కరెంటు రాంగనే అందరం ఒక్కసారే మోటర్లు ఏసుడు, ఫీజు పోవుడు, తిట్టుకునుడు. నన్ను జూసి గట్టయ్యకు నోరెక్కువని ఊరంత అంటది. పొలం ఎండుతుంటే నోరెక్కువ కాక ఏమైతదే?

కరెంటెందుకు లేదంటే బొగ్గు లేదు. బొగ్గెందుకు లేదంటే నా కొడుకు వెంకటేషు అసొంటోళ్ళు భూపాలపల్లి బొగ్గుబాయిల సమ్మె చేస్తున్నరు. తెలంగాణ నాకూ కావాలె. అట్లని నోటికాడి బుక్క పోగొట్టుకోవాల్నా? బస్సుల్లేవు. పాలవ్యాను ఎక్కి, ట్రాక్టరు ఎక్కి ఎట్లనో పోయిన. వాణ్ణి రెక్క పట్టి పనిలకు తోలాలనే పోయిన.

సమ్మె టెంటు కాడికి చేరేసరికి వాడు నెత్తిన టోపీ, లైటు పెట్టుకొని బాయి దిక్కు పోతున్నడు. నాకు పానం లేచొచ్చింది.

"పనిల జొచ్చినవా బిడ్డా?"

"లేదు బాపూ. మోటర్లు నడపపోతున్న. నీళ్ళు తోడకుంటే బాయి మునుగుతది. సంఘాలన్నీ కూసొని మాకు వంతులేసినయ్."

అరికాలి మంట నెత్తికెక్కింది. "నా పొలంల చుక్క లేకపాయె, నువ్వు నీళ్ళు తోడి పారబోస్తవా! థూ!"

టెంటంత ఇన్నది. వాడు తల వంచుకున్నడు. "బొగ్గు ఆపినం బాపూ, బాయిని ముంచుకుంటమా? రేపు తెలంగాణొచ్చినంక గీళ్ళంత ఏడ పని చెయ్యాలె? నీ పొలం యాదికొస్తే నాకు బుక్క దిగుతలేదు." గంతే అని పోయిండు.

వాపసొచ్చే తొవ్వంత వాని వంతుల ముచ్చటే నెత్తిల తిరిగింది, కుదురులేదు. వ్యానుల కూసుంటే లేవబుద్ధైంది, లేస్తే కూసోబుద్ధైంది. ఊరికొచ్చి ఆ ఐదుగురిని ట్రాన్స్‌ఫార్మరు కాడికి పిలిచిన.

"ఎవ్వని ఏడుపు వాడేడిస్తే ఆరు పొలాలూ పోతయ్. దినానికి ఒక్కటే మోటరు. వంతులేసుకుందాం."

"ముందు ఎవ్వలదే?" పెనిమిటి లేని రాజమణి అడిగింది. మళ్ళ లొల్లి మొదలైంది.

"ముందు నీది. ఆఖరుకు నాది," అన్న. అన్నంక నా నోరు నేనే కొట్టుకుందామనిపించింది. తెల్లారి రాజమణి మోటరు ఏసింది.

ఐదు దినాలు ఐదు పొలాలు పారినయ్. ఫీజు ఒక్కసారి పోలే. ఆరోనాడు నా వంతు. పొద్దంత మోటరు కాడ తిరిగిన, కూసున్న, మళ్ళ తిరిగిన. కరెంటు రాలే. తెల్లారి కూడ రాలే. ఆ మరునాడూ రాలే. ఎన్నులు తాలుపోయి తెల్లబడ్డయ్.

వెంకటేషు ఫోన్ చేసిండు. "బాపూ, పొలం ఎట్లున్నది?"

"ఐదు పొలాలు పచ్చగున్నయ్‌రా."

"మనది?"

"నీ బాయి మునిగిందారా?" అని అడిగిన.

"మునగలే బాపూ."

"గదొక్కటి సాలు బిడ్డా," అన్న. ఫోన్ పెట్టేసి గట్టు మీద కూసొని మస్తు ఏడ్చిన.