ఒక అంగుళం ఎక్కువ

పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, నేల తుడిచి, కుట్టుమిషన్ల మీద కప్పిన గుడ్డలు మడతపెట్టి, మూలనున్న ఎత్తుపీట మీద కూర్చుని కాజాలు కుట్టడం ఆమె పని. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. చొక్కాకి ఏడు, కోటుకి మూడు. వీధి వీధంతా ఆమెని కాజాలమ్మాయి అనే పిలుస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చి, చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు తెల్లబడినా అమ్మాయే.

ముందు కొట్టు, వెనక రెండు గదులు. ఆ గదుల్లో ఇప్పుడు ఆమె ఒక్కతే. టైలరుగారు, అంటే వాళ్ళ నాన్న, పోయి మూడు వారాలైంది. బడిలో గంట కొట్టే ఆయనకి ఉద్యోగం చివరి రోజు వేసుకోవడానికి కోటు కావాలంటే, నీలం గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి, కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళి మరి లేవలేదు. ఆ గుడ్డ ఇంకా బల్ల మీదే ఉంది. గీతలు చెరిగిపోతాయని ఆమె ఫ్యాను కూడా వెయ్యడం లేదు.

ఇక టైలరుగారి టేపు సంగతి. అది వీధిలో అందరికీ తెలిసిందే. పసుప్పచ్చ టేపు, ఒక చివర ఇత్తడి ముక్క. ఎవరైనా వచ్చి చేతులు చాపి నిలబడితే, అది టైలరుగారి మెడ మీంచి జారి, నేల మీద పాకి, వాళ్ళ కాళ్ళ మీదుగా పైకెక్కి కొలిచేది. ఆయన అంకెలు పైకి చదివేవాడు, అమ్మాయి పీట మీద కూర్చుని రాసేది. లావుపాటి బేకరీ ఆయన వస్తే మాత్రం అది ముందు ఒకసారి ఒళ్ళు విరుచుకునేది. "ఊపిరి బిగబట్టకండి సార్, దానికి తెలిసిపోతుంది" అనేవాడు టైలరుగారు.

పిల్లల బట్టలకైతే ఆయన కొలత ఉన్నదున్నట్టే రాయించుకునేవాడు గానీ, కత్తిరించేటప్పుడు ఒక అంగుళం ఎక్కువ వదిలేవాడు. "రాసింది ఇవాళ్టి పిల్లకి. కుట్టేది రేపటి పిల్లకి" అనేవాడు.

ఆయన పోయాక టేపుకి పని లేకుండా పోయింది. పొద్దున్నే ఆయన మంచమెక్కి, పరుపులో ఆయన పడుకున్న చోట పడిన గుంటని కొలిచేది. మొదటి రోజు లోతు రెండంగుళాలు. పదో రోజుకి ఒకటి. ఇప్పుడు అరంగుళం కూడా లేదు. పరుపు నెమ్మదిగా ఆయన్ని మరిచిపోతోంది. కొలిచి, కాసేపు అక్కడే చుట్ట చుట్టుకుని పడుకుని, తర్వాత ఆయన కుర్చీ దగ్గరికీ, చెప్పుల దగ్గరికీ తిరిగి తిరిగి, సాయంత్రానికి ఆమె ఎడమచేతి మీదికి చేరేది. వేళ్ళ మధ్య, మణికట్టు చుట్టూ పాకేది. పాపం, దీనికీ నాకూ ఇక ఎవరున్నారు అనుకుని ఆమె చెయ్యి కదపకుండా కూర్చునేది.

సోమవారం అన్నయ్య వచ్చాడు. మనిషి మంచివాడే. వస్తూనే గోడవారనున్న నాన్న ఇనప్పెట్టె ముందు గొంతుక్కూర్చుని దాని అంకెల చక్రాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నీక్కూడా చెప్పలేదా నాన్న?"

"లేదన్నయ్యా. అడిగితే నవ్వేవాడు."

"సరే, గురువారం తాళాలాయన్ని తీసుకొస్తా. తెరిస్తే తెరుస్తాడు, లేకపోతే డ్రిల్లు పెట్టేస్తాడు. కొట్టు తాలూకు కాగితం అందులోనే ఉండాలి. అది చేతికొస్తే, కొట్టు కొంటానన్న చెప్పుల షాపాయనకి అప్పజెప్పేయొచ్చు."

"మరి నేను?"

"నువ్వేంటే, మా ఇంటికొస్తావు. వంటింటి పక్క గది ఖాళీయేగా. మీ వదినకీ తోడు."

"అక్కడ మిషను పెట్టుకోవచ్చా?"

"మిషనెందుకే నీకు? నువ్వు కుట్టేది కాజాలే కదా. సూదీ దారం ఎక్కడైనా పడతాయి."

ఎగతాళిగా అనలేదు. టీ ఊదుకుంటూ ప్రేమగానే అన్నాడు. అందుకే ఆ మాట మరీ లోపలికి దిగింది.

కొట్టు నేను నడుపుతాననే మాట ఆమె గొంతు దాకా వచ్చింది. కానీ గుడ్డ కత్తిరించడం రాని మనిషి టైలర్ కొట్టు ఎలా నడుపుతుంది? పన్నెండేళ్ళప్పుడు, అమ్మ పోయిన ఏడాదే, నాన్న భోజనానికి లోపలికెళ్ళిన సందు చూసి ఆయన పెద్ద కత్తెర తీసింది. ఆమెది ఎడమచేతి వాటం. సుద్దగీత మీదే పోనిచ్చింది, ప్రాణమంతా ఆ గీత మీదే పెట్టింది. అయినా కత్తెర గుడ్డని కోయలేదు, నమిలింది. ఎలకలు కొట్టినట్టు అంచంతా చీలికలు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్నాడు ఎత్తుపీట తెచ్చి మూల వేశాడు. "నీకు కాజాలు చాలమ్మా" అన్నాడు. పుర్రచెయ్యికి కత్తెర ఒప్పదులే అంది వీధి. ఆమె కూడా అదే అనుకుంది. అనుకుంటూ అనుకుంటూ పెద్దదైపోయింది.

బుధవారం ఆమె అన్నీ తిప్పి చూసింది. నాన్న పుట్టిన రోజు, అమ్మ పోయిన రోజు, కొట్టు తెరిచిన రోజు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. రేపు దీనికి డ్రిల్లు పెడతారంటే నాన్న పక్కటెముకల్లోనే పెడుతున్నట్టు అనిపించింది. ఏమీ తోచక పాత కొలతల పుస్తకాలు ముందేసుకుంది. ఎన్ని వందల భుజాలు, ఎన్ని నడుములు! ఆ మనుషుల్లో సగం మంది ఇప్పుడు లేరు. అన్నిటికన్నా కిందున్న పుస్తకంలో, చివరి పేజీలో, నాన్న చేతిరాత కనపడింది.

అమ్మాయి. ఎడమచెయ్యి. జాన 7. మణికట్టు 5. వేళ్ళతో కలిపి అరచెయ్యి 6.

చేతికి కొలతలెందుకు? నాన్న ఎప్పుడూ చేతితొడుగులు కుట్టలేదే. కానీ మూడంకెలు! పరుగెత్తి చక్రం తిప్పింది. ఏడు. ఐదు. ఆరు. పిడి పట్టుకుని లాగింది.

రాలేదు.

"నువ్వు కూడానా" అని ఇనప్పెట్టెకి తల ఆనించి, ఏడవడానికి కూడా ఓపిక లేక అలా ఉండిపోయింది.

గురువారం పది గంటలకి అన్నయ్య, వెనకే తాళాలాయన వచ్చారు. ముసలాయన. తాళాలు బాగుచేస్తాడు, కత్తులకీ కత్తెర్లకీ సాన పడతాడు. నేల మీద పాకుతున్న టేపుని చూసి, "కాస్త జరగవే తల్లీ, తొక్కుతాను" అని దాటుకుని వెళ్ళి పెట్టెని వేలితో తట్టాడు.

"మొండిఘటం. అంకెలు తెలిస్తే ఊదితే వస్తుంది. తెలీకపోతే నేనూ, నా డ్రిల్లూ, మధ్యాహ్నం దాకా."

"కానివ్వండి" అన్నాడు అన్నయ్య.

ఆయన డ్రిల్లు తీగని గోడ ప్లగ్గులో పెట్టాడు. డ్రిల్లు గుర్రుమంది. ఆ చప్పుడుకి టేపు ఉలిక్కిపడి, పీట కాళ్ళ మీదుగా గబగబా ఎక్కి ఆమె ఎడమచేతిని పట్టుకుంది. పట్టుకుని, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా బిగుతుగా సాగి ఆగింది. అన్ని సాయంత్రాలూ అది పాకింది ఓదార్పు కోసం అనుకుంది గానీ, అది కొలుస్తోందని ఆమెకి ఇప్పుడు గానీ తట్టలేదు. చిటికెనవేలి కొస దగ్గర అంకె చూసి, ఎవరో చదవమన్నట్టు, నాన్న చదివినట్టే పైకి చదివింది.

"జాన ఎనిమిది."

టేపు మణికట్టు చుట్టుకుంది.

"ఆరు."

అరచెయ్యి మీద పొడుగ్గా పడుకుంది.

"ఏడు."

ఏడు ఎనిమిదైంది. ఐదు ఆరైంది. ఆరు ఏడైంది. అన్నిటికీ ఒక అంగుళం ఎక్కువ.

"ఆగండి!" అంది. తన జన్మలో అంత గట్టిగా ఆమె ఎప్పుడూ అరవలేదు.

చక్రం మూడుసార్లు తిరిగింది. లోపల ఏదో మెత్తగా, గొంతు సవరించుకున్నట్టు కదిలింది. తలుపు దానంతటదే ఇంత తెరుచుకుంది.

లోపల ఒక మడత కాగితం. దాని మీద నూనెగుడ్డలో చుట్టిన కత్తెర. మిషను నూనె వాసన ఇంకా పచ్చిగా ఉంది.

"ఓహో, ఇదిక్కడుందా!" అన్నాడు తాళాలాయన, డ్రిల్లు కిందపెట్టి. "దీన్ని చేసింది నేనే. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే రెండు అలుగులూ విడిపోయి గుడ్డని నములుతాయమ్మా. తప్పు చేతిది కాదు, కత్తెరది. ఇది తిరగేసి చేసింది. పిల్ల ఎదుగుతుంది, పిడి ఆ లెక్కన చెయ్యమని మీ నాన్నే కొలతలిచ్చాడు. ఏటా సానకి తెచ్చేవాడు. ఒక్క దారం కూడా కోయని కత్తెరకి సాన ఏంటయ్యా, ఇచ్చెయ్యరాదూ ఆ పిల్లకి అంటే..."

"అంటే?"

ముసలాయన కాస్త తటపటాయించాడు. "ఇది చేతికొస్తే సొంతంగా కొట్టు పెట్టుకుని వెళ్ళిపోతుంది, అప్పుడు నాకు కాజాలెవరు కుడతారు అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు మాత్రం చూడలేకపోయేవాణ్ణి."

ఆమె కత్తెర పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి మంచం ముందు నిలబడింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ వచ్చిన కోపానికి కూర్చోడానికి చోటే లేదు, పరుపంతా చదునుగా ఉంది.

"ఉండమని ఒక్కమాట అంటే ఉండిపోయేదాన్ని కదా నాన్నా" అంది. "తాళం ఎందుకు?"

తిరిగొచ్చి, నీలం గుడ్డ ముందు నిలబడి, సుద్దగీత మొదట్లో కత్తెర పెట్టింది. పిడి ఆమె వేళ్ళని తెలిసిన మనిషిలా పట్టుకుంది. కరకరమని ఒకే చప్పుడు, గీత మీదే, కొస దాకా. వెన్నలో పోయినట్టు పోయింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు అన్నయ్య.

"కత్తిరిస్తున్నా."

"అది కనపడుతోంది. మరి కాగితం?"

"లోపలే ఉంది. ఉండనీ అన్నయ్యా. కొట్టు ఇవ్వను."

అన్నయ్య గుడ్డ అంచు ఎత్తి వెలుగులో చూశాడు. ఒక్క పోగు కూడా లేవలేదు. చాలాసేపు చూసి నెమ్మదిగా కింద పెట్టాడు. "మీ వదినకి ఏం చెప్పమంటావు?"

"కొత్త చొక్కా కుట్టించుకుంటున్నానని చెప్పు. నిలబడు."

చిన్నప్పటి అలవాటు, చెప్పగానే చేతులు చాపి నిలబడ్డాడు. టేపు బల్ల మీంచి జారి అతని కాళ్ళ మీదుగా ఎక్కింది.

"భుజం పద్దెనిమిది" అంది ఆమె పైకి. మామూలుగా రాసుకునేంత సేపు ఆగింది. మూలనున్న పీట మీద ఎవరూ లేరు. తనే వెళ్ళి, పుస్తకంలో కొత్త పేజీ తీసి, ఎడమచేత్తో రాసింది.

"కత్తిరించేటప్పుడు ఒక అంగుళం ఎక్కువ వదులుతా" అంది.

"యాభై దగ్గరపడుతున్నాయి నాకు. ఇంకా పెరుగుతానా ఏంటే?"

"ఏమో" అంది. "ఎవరు చూశారు?"

టేపు అతని మీంచి దిగి వెనక గది గుమ్మం దాకా పాకి, అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి వచ్చి, ఆమె చీర కుచ్చిళ్ళ మీదుగా ఎక్కి, మెడ చుట్టూ రెండువైపులా సమంగా వేలాడింది.