రోల్ నంబర్ ఇరవై ఏడు

మదనపల్లెలో నాలుగేళ్ళు బి.ఏ., బి.ఎడ్. కలిపి చదివి నేను నేర్చుకున్న అసలు విద్య, క్లాసులో అందరి చేతులూ ఒకేసారి పైకి లేపించడం. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, సీనియర్లు చెవిలో చెబుతారు. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి అని మొదటి వారమే పిల్లలకు నేర్పేస్తే చాలు. వెనక కుర్చీలో కూర్చుని మన పాఠం చూసే సారుకు క్లాసంతా చేతులే కనిపిస్తాయి. మనం కుడిచేతి వాళ్ళనే లేపుతాం. ఆయన బాగుందని రాసుకుని టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌కు నన్ను పుంగనూరులో ఒక హైస్కూలుకు వేశారు. అక్కడ సోషల్ టీచరు పోస్టు ఖాళీ. క్లాస్ టీచరు ఎవాంజెలిన్ మేడమ్ నన్ను చూడగానే తొమ్మిదో తరగతి పుస్తకం చేతిలో పెట్టి, "దేవుడు పంపినట్టు వచ్చినావు సుమలతా, ఇంక నీదే భారం" అన్నారు. యాభై రెండు మంది పిల్లలు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మా అమ్మ కుప్పం దగ్గర మా ఊరి బడిలో మధ్యాహ్నం భోజనం వండుతుంది. తను గరిటె తిప్పే బడిలోనే నేను కుర్చీలో కూర్చోవాలని ఆమె కోరిక.

చివరి బెంచీలో వెన్నెల అనే అమ్మాయి ఉండేది. రోల్ నంబర్ ఇరవై ఏడు. నేను ఏ ప్రశ్న అడిగినా ఎడమచెయ్యి ఎత్తేది. మిగతా మొద్దులకు ఎప్పుడో ఒకప్పుడు ఒకటైనా తెలిసి కుడిచెయ్యి లేచేది. ఈ పిల్లకు నాలుగు నెలల్లో ఒక్కటీ తెలియలేదు. పైగా బెంచీ మీంచి సగం లేచి మరీ ఎత్తేది. తెలియదని చెప్పుకోవడానికి ఇంత సంబరం ఏమిటమ్మా అని స్టాఫ్‌రూంలో చెప్పి నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మేము రికార్డులు బోలెడు రాయాలి. అందులో ఒకటి, పిల్లలకు పరీక్ష పెట్టి, దిద్ది, మార్కుల పట్టిక వేసే రికార్డు. మా కాలేజీలో ఆ పరీక్ష ఎవరూ పెట్టరు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, పేర్లు మార్చి, మార్కులు అటూ ఇటూ జరిపి ఎక్కిస్తారు. నేను కాస్త నిజాయితీపరురాలిని కాబట్టి కుడిచెయ్యి ఎత్తేవాళ్ళకు ఎక్కువ, ఎడమచెయ్యి వాళ్ళకు తక్కువ వేశాను. వెన్నెలకు ఇరవై ఐదుకు నాలుగు. ఇంకో రికార్డు, చదువులో వెనకబడిన ఒక పిల్ల మీద కేస్ స్టడీ. దానికి వెన్నెల కన్నా ఎవరు దొరుకుతారు? గ్రహణశక్తి తక్కువ, ఏకాగ్రత లేదు, తల్లి లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అంటూ పన్నెండు పేజీలు రాశాను. అందుకోసం ఆ పిల్లతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడింది లేదు. మాకు పాఠం చెప్పే పద్ధతులు నేర్పే మెథడ్ సారు వెంకటరమణప్ప గారు ఆ రికార్డు చూసి, "అచ్చు గుద్దినట్టుంది" అని యాభైకి నలభై ఎనిమిది వేశారు.

ఫిబ్రవరిలో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. వెన్నెల తండ్రి మారప్ప టమోటా లారీలకు లోడు ఎత్తేవాడు. చొక్కా మీద టమోటా మరకలతోనే వచ్చి, ఎవాంజెలిన్ మేడమ్ పక్కన కూర్చున్న నా ముందు నిలబడ్డాడు.

"మేడమ్, మా పాప పదో తరగతి గట్టెక్కుతాదా? ఉండేది ఉన్నట్టు చెప్పండి. కుప్పంలో మా అక్క పూలతోట పెట్టుకోనుండాది, పాపను పంపించరా అని పోరుతాండాది. సదువొచ్చేటట్టుంటే నేను పంపను."

మేడమ్ నా వైపు చూశారు. నేను రికార్డు తెరిచి, పట్టికలో ఇరవై ఏడో నంబరు మీద వేలు పెట్టి చూపించాను. అతనికి చదవడం రాదు, అంకెలు తెలుసు. "కష్టం అన్నా" అన్నాను, చాలా తెలిసినదానిలా, కాస్త జాలిగా. అతను ఆ నాలుగు వైపు కాసేపు చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు.

మార్చిలో నా ఆఖరి పాఠం. బయట నుంచి పరంజ్యోతి అనే పెద్దాయన ఎగ్జామినర్‌గా వచ్చారు. నేను శీతోష్ణస్థితి పాఠం చెప్పి, మన వైపు వానలు ఎందుకు తక్కువ అని అడిగాను. యాభై రెండు చేతులు లేచాయి. నేను కుడిచేతుల్లో ఒకరిని వెతుక్కునేలోపే ఆయన వెనక నుంచి, "చివరి బెంచీలో ఆ పాప చెప్పనీ" అన్నారు. ఆ పాప వెన్నెల.

వెన్నెల లేచింది. "బోర్డు మీద గీసి చెప్పొచ్చునా సార్?" అని అడిగి ముందుకు వచ్చి, సుద్దముక్క ఎడమచేత్తో తీసుకుంది.

ఎడమచేత్తో గీసింది. కొండలు, సముద్రం, బాణం గుర్తులు, అన్నీ ఎడమచేత్తోనే.

"నైరుతి గాలులు పడమటి కొండలకాడనే నీళ్ళన్నీ దించేస్తాయి సార్. మనకాడికొచ్చేసరికి ఉత్తగాలి. వెనక ఈశాన్యంవి వస్తాయి, అవి సముద్రం పక్కోళ్ళకే సగం అయిపోతాయి. మనం రెండిటికీ దూరంగా ఉండాము. అందుకే మనకు వాన చాలదు."

పరంజ్యోతి గారు చప్పట్లు కొట్టారు. చివరి బెంచీ పిల్లను ఇలా తీర్చిదిద్దడమే టీచరు పని అని నన్ను మెచ్చుకున్నారు. నేను దండం పెట్టాను.

ఆయన వెళ్ళాక వెన్నెలను వరండాలోకి పిలిచి, తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలని ఎవరూ చెప్పలేదా అని అడిగాను. ఆ పిల్ల తెల్లబోయింది. మొదటి వారమంతా జ్వరంతో బడికి రాలేదట.

"నాది ఎడమచెయ్యి గదా మేడమ్, అదే లేస్తాది. మీరు ఎప్పుడూ నన్ను అడగరే అనుకుంటా ఉంటి. అయినా ఈరోజు అడుగుతారేమోనని దినామూ ఎత్తుతానే ఉంటి."

ఆ సాయంత్రమే మారప్ప ఇంటికి పోయి, ఎగ్జామినర్ ముందు వెన్నెల ఎంత బాగా చెప్పిందో చెప్పి, చదువు మాన్పించొద్దన్నాను. అతను నా మాట నమ్మలేదు.

"నెల కిందట మీరే గదమ్మా కష్టమని చెప్పింది? ఈరోజు మీ పరీక్షలో మా పాప చెప్పిందని మనసు కరిగిందేమో. మా అక్కకు మాట ఇచ్చేసినాను."

"నేను తప్పు రాసినాను అన్నా. పరీక్షే పెట్టలేదు."

"పెట్టకుండా మార్కులు యాడనుంచి వచ్చినాయమ్మా?" అతను నవ్వాడు. ఏదో దయతో అబద్ధం చెబుతున్నాననే అనుకున్నాడు. "అంత తప్పయితే ఆ పుస్తకం కొట్టేసి సరిగ్గా రాయించుకోని రండి. సూస్తాను."

మరునాడు మదనపల్లె కాలేజీకి పోయి వెంకటరమణప్ప సారు ముందు నిలబడి, పరీక్ష పెట్టకుండానే మార్కులు వేశానని చెప్పి, దిద్దుకోవడానికి రికార్డు వెనక్కివ్వమని అడిగాను. ఆయన తలుపు దగ్గరగా వేశారు.

"పరీక్ష పెట్టలేదని నీ నోటితో చెప్తావా? నీది ఒక్కటేనా పొయ్యేది? మీ బ్యాచ్ అరవై మందీ మళ్ళీ నాలుగు నెలలు బడికి పోవాల. నీ స్నేహితురాళ్ళ ఇండ్లల్లో పెండ్లిళ్ళు ఉండాయి, డీఎస్సీ ఉండాది. పోమ్మా. ఒక పిల్ల కోసం అందరి నోట్లో మట్టి కొట్టొద్దు."

నేను ఏడ్చాను. ఏడ్చి, బయటికి వచ్చేశాను. అరవై మంది పేర్లు నాకు తెలుసు, వాళ్ళతో ఒకే ప్లేటులో తిన్నాను. ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంది. ఆ తలుపు తట్టలేదు. ఎవాంజెలిన్ మేడమ్ నా మాట విని మారప్పకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఏప్రిల్ పరీక్షలు అయిపోయిన మరుసటి రోజే అతను బడికి వచ్చి కూతురి టీసీ తీసుకుపోయాడు. నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. మా అమ్మ వంటగది వదిలి వచ్చి బడిలో అందరికీ కేసరి పంచింది.

జూలైలో ఒక ఉదయం కుప్పం బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే, పూల బుట్టల పక్క నుంచి "మేడమ్!" అని పిలుపు వినిపించింది. వెన్నెల. ఒళ్ళో చామంతులు పోసుకుని మాల కడుతోంది. ఎడమచెయ్యి చకచకా తిరుగుతోంది. పక్కన వాళ్ళ మేనత్త ఎవరితోనో తమిళంలో బేరమాడుతోంది.

"పాసైనారా మేడమ్?"

"అయినాను."

"నేను బాగా చెప్పినా గదా ఆ పొద్దు! ఆ సారు చప్పట్లు కొట్టె." మూర పూలు తుంచి నా చేతిలో పెట్టింది. "దుడ్లొద్దు మేడమ్. మిమ్మల్ని బడిలో ఎప్పుడు ఏస్తారు?"

అప్పుడే ఫోన్ మోగింది. మా కాలేజీ జూనియర్ దీప.

"అక్కా, నీ కేస్ స్టడీ సూపర్ అక్కా. మాకందరికీ అదే మోడల్ అని సారు లైబ్రరీలో పెట్టినారు. నేను కూడా పుంగనూరికే పోతాండా, అదే బడి. పేరు ఒక్కటి మార్చుకుంటే చాలు గదా?"

"రాయొద్దు దీపా. అదంతా తప్పు. పరీక్ష పెట్టు, పిల్లలతో మాట్లాడు."

"ఊరికే భయపెట్టొద్దక్కా. నలభై ఎనిమిది వచ్చిన రికార్డు తప్పెట్లయితాది?" దీప నవ్వింది. "ఇరవై ఏడో నంబరు ఈసారి ఎవరిదో మొదటి రోజే సూసుకుంటాలే" అని ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. వెన్నెల మాల కట్టడం ఆపి, నేను తనను ఏదైనా అడుగుతానేమోనని నా ముఖం వైపే చూస్తోంది.