కుడి అంచు మీద వేళ్ళు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఫోన్లు బాగుచేసే షాపులో, మాంసం కొట్టు నడిపే వ్యక్తి మెకానిక్ కుడి అరచేతిలో కత్తి దించాడు. కత్తి అరచేతిని దాటి కౌంటర్ చెక్కలో దిగబడింది.

మాంసం కొట్టు అతన్ని బజారులో అందరూ పుర్రచెయ్యి అంటారు. ఎడమ చేత్తో నరుకుతాడు కాబట్టి ఆ పేరు. కత్తి జారినా వేళ్ళు తెగకుండా కుడి చేతికి స్టీలు వలతో అల్లిన గ్లవ్ తొడుక్కుంటాడు. గ్లవ్ ఉన్న వేలికి ఫోన్ అద్దం పలకదు. అందుకని కొట్టులో ఉన్నంతసేపూ ఫోన్ పట్టేదీ ఎత్తేదీ ఎడమ చేత్తోనే. కత్తి మాంసం నరికే మొద్దు మీద పెట్టి, చెయ్యి గుడ్డకు తుడుచుకుని తీస్తాడు.

ఆ ఫోన్ అతనికి బావమరిది కొనిచ్చాడు. భార్యకు ఒక్కడే తమ్ముడు. కొట్టుకు నాలుగు నిమిషాల నడకలో ఉన్న గోదాములో లారీలకు సరుకు ఎత్తేవాడు. ఫోన్ అద్దం రెండు పక్కలా అంచు మీదుగా కిందికి వంగి ఉంటుంది.

“పట్టుకో బావా. అంచు కూడా అద్దమే. నీ మొహం ఇక పక్కల నుంచి కూడా చూసుకోవచ్చు.”

“నా మొహం చూడ్డానికి మీ అక్క ఉందిలేరా.”

“చూసి చూసి అక్క కళ్ళు పోతున్నాయనే కొన్నాను.”

నెల తిరక్కుండా ఆ ఫోన్ దగ్గరే గొడవ వచ్చింది. బావమరిది కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఏం బావా, పెద్దమనిషివైపోయావా? నిన్న రెండుసార్లు చేస్తే రెండుసార్లూ కట్ చేశావు.”

“నేను కట్ చెయ్యలేదురా. దానంతటదే పోయింది.”

“దానంతటదే పోవడానికి దానికేమన్నా కాళ్ళున్నాయా?”

మాంసం కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. పుర్రచెయ్యికి ఒళ్ళు మండింది. కత్తి మొద్దులోకి దించాడు.

“అవునురా, నేనే కట్ చేశా. ఇక మీదట నీ ఫోన్ ఎత్తను, పో. ఏం చేసుకుంటావో చేసుకో.”

ఈ మాట విన్నవాళ్ళు కొందరు తరువాత పోలీసులకు చెప్పారు. అతని భార్యకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఆమే.

తరువాతి వారం, ఒక ఉదయం, గోదాములో ఇద్దరు కూలీలు బావమరిదిని ఇనుప రాడ్డుతో కొట్టారు. లారీకి సరుకు ముందుగా ఎవరు ఎత్తాలన్న తగువు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది పక్కటెముకల మీద పడింది. అతను తప్పించుకుని బస్తాల వెనక దూరి బావకు ఫోన్ చేశాడు. మూడుసార్లు చేశాడు. మూడూ కట్ అయ్యాయి. వాళ్ళు నేల మీద రక్తపు చుక్కలు చూసుకుంటూ వచ్చారు. ఈసారి తల మీద కొట్టారు. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు. కొట్టిన ఇద్దరూ ఆ రోజే దొరికారు.

సాయంత్రం భార్య పుర్రచెయ్యి ఫోన్ తీసి చూసింది. తమ్ముడి పేరు కింద మూడు ఎర్ర గుర్తులు ఉన్నాయి.

“నాలుగు నిమిషాల దూరం. కత్తి పట్టుకుని నువ్వు గేట్లో నిలబడితే వాళ్ళు పారిపోయేవాళ్ళు.”

“నేను ఎత్తబోయానే. వేలు ఇలా జరిపాను. అదే కట్ అయింది.”

“మూడుసార్లూనా?”

“మూడుసార్లూ.”

“మరి తిరిగి ఎందుకు చెయ్యలేదు?”

జనం ఉన్నారని, వాడే మళ్ళీ చేస్తాడులే అనుకున్నానని చెప్పాడు. ఆమె ఆ తరువాత అతనితో మాట్లాడలేదు. సోమవారం మాత్రం మాట్లాడింది.

“పద, మెకానిక్‌కి చూపిద్దాం. తప్పు ఫోన్‌దే అని అతను అంటే జన్మలో నిన్ను ఈ మాట అడగను. కాదంటే నీ దారి నీది, నా దారి నాది.”

మెకానిక్‌ది కుడిచేతి వాటం. ఫోన్ కుడి చేత్తో పట్టుకుని మళ్ళీ మళ్ళీ మోగించి చూశాడు. మోగినప్పుడల్లా ఎత్తగలిగాడు.

“ఫోన్ నిక్షేపంలా ఉందమ్మా.”

“ఎడమ చేత్తో చూడు,” అన్నాడు పుర్రచెయ్యి.

మెకానిక్ నవ్వాడు. “ఫోన్‌కి కుడేంటన్నా, ఎడమేంటి? చెప్పులా?”

పుర్రచెయ్యి ఫోన్ లాక్కుని ఎడమ చేత్తో పట్టుకుని మోగించమన్నాడు. వేలు జరిపాడు. కట్ అయింది.

“చూశావా?” అన్నాడు భార్యతో.

“చూశాను. నువ్వే కట్ చేశావు,” అందామె.

ఆ సాయంత్రమే ఆమె బట్టలు సర్దుకుని తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

మంగళవారం పుర్రచెయ్యి కొట్టులోంచి సరాసరి వచ్చాడు. గ్లవ్ మొద్దు మీదే వదిలేశాడు. కత్తి తెచ్చాడు. మెకానిక్ కుడి చెయ్యి కౌంటర్ మీద చాపి, ఒక ఫోన్‌కు మర బిగిస్తున్నాడు. తలెత్తేలోపు కత్తి దిగింది. మెకానిక్ అరుపు విని పక్క షాపులో తాళాలు చేసేవాడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. పుర్రచెయ్యి కత్తి పిడి వదల్లేదు.

“ఎవరన్నా అడుగేస్తే తిప్పుతా,” అన్నాడు.

తన ఫోన్ మెకానిక్ ఎడమ చేతిలో పెట్టాడు. కౌంటర్ మీదున్న మెకానిక్ ఫోన్ నుంచి తన నంబరుకు కలిపాడు.

“ఎత్తు.”

మెకానిక్ బొటనవేలు జరిపాడు. కాల్ కలిసింది.

“అన్నా, కలిసింది కదన్నా, వదిలెయ్ అన్నా...”

పుర్రచెయ్యి కత్తిని కొంచెం వంచాడు.

“మళ్ళీ.”

రెండోసారి మోగింది. ఎడమ చేత్తో పట్టినప్పుడు నాలుగు వేళ్ళ కొసలు అవతలి పక్కకు, కుడి అంచున వంగిన అద్దం మీదికి వస్తాయి. కాల్ కట్ చేసే ఎర్ర గుండ్రం ఆ అంచు పక్కనే ఉంటుంది. మెకానిక్ పట్టు బిగించాడు. బొటనవేలు ఆకుపచ్చ గుండ్రం మీదికి చేరకముందే కాల్ కట్ అయింది. మూడోసారీ కట్ అయింది.

“నేను కట్ చెయ్యలేదు,” అన్నాడు మెకానిక్.

“నేనూ అదే అన్నాను,” అన్నాడు పుర్రచెయ్యి.

పుర్రచెయ్యి ఆ మెకానిక్ ఫోన్ నుంచే తన భార్యకు కలిపి స్పీకర్ పెట్టాడు.

“ఎవరు?”

“అమ్మా, నేను మెకానిక్‌ని. ఎడమ చేత్తో పట్టుకుంటే కట్ అవుతోందమ్మా. నిజం. ఆయన కట్ చెయ్యలేదు.”

“ఎందుకు ఏడుస్తున్నావు?”

మెకానిక్ పుర్రచెయ్యి వైపు చూశాడు.

“ఆయన అక్కడే ఉన్నాడా? ఏం చేస్తున్నాడు నిన్ను?”

పుర్రచెయ్యి నోరు తెరిచేలోపు ఆమె పెట్టేసింది. అతను కత్తి పెరికాడు. పెరికేటప్పుడు కత్తి బొటనవేలి వైపు చీల్చుకుంటూ వచ్చింది. కత్తి పిడితో మెకానిక్ మొహం మీద రెండుసార్లు కొట్టాడు. ముక్కు ఎముక విరిగింది. తాళాలు చేసేవాడు షట్టర్ కడ్డీతో వెనక నుంచి కొట్టాక పుర్రచెయ్యి కింద పడ్డాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళేదాకా లేవలేదు.

మెకానిక్ బొటనవేలు, చూపుడువేలు కదిలించే నరాలు తెగాయి. కుట్లు వేసిన డాక్టరు, ఆ రెండు వేళ్ళతో ఇక మర పట్టుకోవడం కుదరదని చెప్పాడు.

శుక్రవారం పుర్రచెయ్యి భార్య వార్డుకు వచ్చింది. మెకానిక్ మంచం పక్కన అతని అన్న కూర్చున్నాడు.

“ఏ మొహం పెట్టుకుని వచ్చావమ్మా?” అన్నాడు అన్న.

“ఒక్క మాట అడిగి వెళ్తాను.” ఆమె మెకానిక్ వైపు తిరిగింది. “ఇప్పుడు నీ మీద కత్తి లేదు. ఆ రోజు నువ్వు చెప్పింది నిజమా?”

“అబద్ధమని చెప్పరా,” అన్నాడు అన్న. “వాడి కొంప కూడా కూలనీ.”

మెకానిక్ కట్టు కట్టిన చేతి వైపు చూసుకున్నాడు.

“మూడుసార్లు మోగించాడు. రెండుసార్లు దానంతటదే కట్ అయింది.”

“ఇంకోసారి?”

“కలిసింది.”

“మా తమ్ముడు కూడా మూడుసార్లే చేశాడు. వాడికి ఒక్కటీ కలవలేదు,” అందామె.

ఆమె తెచ్చిన పళ్ళ సంచి మంచం కింద పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం ఉదయం ఆరింటికి మాంసం కొట్టు తలుపు తీసి ఉంది. మొద్దు కడిగి ఉంది. పుర్రచెయ్యి భార్య స్టీలు గ్లవ్ ఎడమ చేతికి తొడుక్కుని, కుడి చేత్తో కత్తి తీసుకుంది.